దారి మరిచిన ఎలుక, తాతగారి మందుల సంచి

కిందటేడు రంజాన్‌లో తరావీహ్ ముగిశాక మా పెద్ద చాచా మసీదు నుంచి బయలుదేరి, నలభై ఏళ్లుగా నడిచిన గల్లీలో ఇల్లు ఏదో తెలియక నిలబడిపోయారు. మతిమరుపు వ్యాధి మొదలైందని ఇంటిల్లిపాదీ దిగులుపడ్డాం. డాక్టరుగారు మాత్రం ముందు ఆయన మందుల సంచి టేబుల్ మీద కుమ్మరించమన్నారు. జలుబుకు ఒకటి, కడుపునొప్పికి ఒకటి, నిద్రకు ఒకటి, ఒక్కోటీ ఒక్కో చోట రాయించుకున్నది. మూడూ మెదడులో ఒకే పనికి అడ్డుపడేవేనని ఆయన చెప్పారు. ఆ అడ్డు ఏమిటో నేను చదివి తెలుసుకున్నంత మేరకు ఇక్కడ రాస్తున్నాను.

మన కనకమామిడి పొలాల గట్ల మీద ఉమ్మెత్త అందరికీ తెలిసిన మొక్కే. దాని గింజలు తిన్నవాడు ఎక్కడున్నాడో తెలియక తిరుగుతాడు. అందులో స్కోపోలమిన్, అట్రోపిన్ అనే పదార్థాలున్నాయి. మెదడులో ఒక కణం మరో కణానికి కబురు పంపడానికి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వాడుకుంటుంది. ఆ కబురు అందుకునే చోటును గ్రాహకం అంటారు. తాళం రంధ్రంలో వేరే చెవి ఇరుక్కుంటే అసలు చెవి దూరదు కదా, స్కోపోలమిన్ చేసేదీ అదే.

దీన్ని ఎలుకల్లో చూడడానికి ఒక నీళ్ల తొట్టి ఉంది. 1981లో రిచర్డ్ మోరిస్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త పరిచయం చేశాడు. గుండ్రని పెద్ద తొట్టిలో నీళ్లు పోసి, లోపల ఏముందో కనబడకుండా పాలు కలుపుతారు. నీటి మట్టానికి కొంచెం కింద ఒక చిన్న తిన్నె దాచి, ఎలుకను వదులుతారు. మొదట అది అటూ ఇటూ ఈదుతుంది. కొన్ని రోజులకు ఎక్కడ వదిలినా తిన్నమీదికే నేరుగా పోతుంది. తిన్నె కనబడదు, వాసనా ఉండదు. గదిలోని కిటికీ, తలుపు, గోడ మీది బొమ్మ చూసి లెక్క కడుతుంది. చేవెళ్ల రోడ్డు మీద మర్రిచెట్ల గుర్తులతో మన పెద్దలు ఊళ్లు ఆనవాలు పట్టినట్టే. మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగం ఈ పటాన్ని గీస్తుంది. ఒక్కో చోటికి ఒక్కో కణం స్పందిస్తుందని 1971లో చూపిన జాన్ ఓకీఫ్‌కు 2014లో నోబెల్ బహుమతి పంచుకునే గౌరవం దక్కింది.

స్కోపోలమిన్ ఇచ్చిన ఎలుక ఆ తిన్నెను నేర్చుకోలేక గోడ వెంటే చుట్లు తిరుగుతుంది. ఇది జ్ఞాపకం పోవడమా, ధ్యాస చెదరడమా అనే వాదన ఉంది. రెండూ ఉన్నాయని నా అభిప్రాయం. 1986లో మోరిస్ బృందం ఎన్‌ఎండీఏ అనే మరో గ్రాహకాన్ని ఏపీ5 అనే మందుతో అడ్డుకుంది. ఆ ఎలుకలు తిన్నె ఎక్కడుందో సరిగా నేర్చుకోలేకపోయాయి. కంటికి కనబడే తేడాను గుర్తుపట్టడం మాత్రం నేర్చుకున్నాయి. అంటే చూపూ ఈతా బాగానే ఉన్నాయి, చోటు గుర్తే నిలవలేదు.

మనుషుల మందుల్లో ఎసిటైల్‌కోలిన్‌కు అడ్డుపడేవి చాలా ఉన్నాయి. జలుబు మాత్రల్లోని క్లోర్‌ఫెనిరమిన్, కడుపునొప్పికిచ్చే డైసైక్లోమిన్, నిద్రకూ నరాల నొప్పికీ రాసే అమిట్రిప్టిలిన్, మూత్రం ఆపుకోలేనివారికిచ్చే ఆక్సీబ్యుటినిన్. పడుచువారికి నోరెండి మగతగా ఉంటుందేమో. డెబ్బై దాటినవారికి, అందులోనూ రెండు మూడు కలిస్తే, దారి తప్పేంత తికమక రావచ్చు. అల్జీమర్స్‌కు రాసే డొనెపెజిల్ పని సరిగ్గా దీనికి ఎదురు, అది ఎసిటైల్‌కోలిన్‌ను పెంచుతుంది. ఒక చేత్తో అడ్డు మాత్ర, మరో చేత్తో డొనెపెజిల్ ఇస్తే డబ్బూ దండగ, మనిషికీ బాధ.

ప్రతి మరపూ మాత్రల వల్లే కాదు. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరుపు రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. రెండు భాషలు మాట్లాడేవారికి జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చింది, చదువురానివారిలో కూడా. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే మనవాళ్లకు సంతోషించదగ్గ మాటే.

మన వైద్య శిబిరాలకు విరాళమిచ్చే పెద్దలకు నా విన్నపం ఒకటి. శిబిరంలో కొత్త మాత్రలు పంచడానికి ముందు, వృద్ధులు ఇంట్లో ఉన్న మందుల సంచి మొత్తం తెచ్చి డాక్టరుకు చూపేలా ఒక బల్ల, ఒక మనిషిని పెట్టించండి. ఇంట్లోవారు మాత్రం దేన్నీ సొంతంగా ఆపవద్దు. కొన్ని హఠాత్తుగా మానేస్తే కీడు చేస్తాయి. చాచా మాత్రలను డాక్టరే ఒక్కొక్కటిగా తగ్గించారు. ఇప్పుడాయన ఫజర్ నమాజుకు ఒంటరిగానే పోయి వస్తున్నారు.