గేరు పడట్లేదా.. బాక్సు దించే ముందు ఇంజిన్ ఆపి చూడండి

కోలారు: టమోటా సీజను వచ్చిందంటే కోలారు ఏపీఎంసీ యార్డు దారిలో పికప్ బండ్లకు తీరిక ఉండదు. 15 కిలోల బాక్సులు నిండుగా వేసుకుని శ్రీనివాసపురం, ములబాగిలు పల్లెల నుంచి వేలం వేళకు చేరాలి. అలాంటి పొద్దున బండి మొరాయిస్తుంది. డ్రైవరు తెలుగులో 'గేరు పడట్లేదు' అన్నా, కన్నడలో 'గేర్ బీళ్తా ఇల్ల' అన్నా షెడ్డులో వినిపించే మాట తరచూ ఒకటే.. బాక్సు దించాలి! బాక్సు దిగిందంటే ఆరోజు కిరాయి పోయినట్టే, లోడులో కాయ మెత్తబడినట్టే. పదేళ్లు దాటిన బండికి ఆ పని నిజంగానే ఉండొచ్చు. కానీ చాలాసార్లు తప్పు గేర్‌బాక్సుది కాదు, క్లచ్‌ది.

అది తేల్చుకోవడానికి స్పానరు కూడా అక్కర్లేదు. బండిని చదునులో నిలిపి, హ్యాండ్‌బ్రేకు లాగి, ఇంజిన్ ఆపేసి గేర్లన్నీ ఒకసారి వేసి చూడాలి. ఆపినప్పుడు సాఫీగా పడుతూ, స్టార్టు చేశాక మొండికేస్తే క్లచ్ పూర్తిగా విడవట్లేదన్నమాట. హైడ్రాలిక్ క్లచ్ అయితే పెడలు రెండు మూడుసార్లు గబగబా తొక్కి వేయండి. అప్పుడు పడితే గొట్టంలో గాలి చేరిందో, ఆయిలు తగ్గిందో, సిలిండరు సీలు కారుతోందో చూడాలి. రబ్బరు కిట్టుతో పోయేదానికి బాక్సెందుకు దించడం? ఇంజిన్ ఆపినా బిగుసుకుంటే మాత్రం లివరు కింది బుష్‌లు, కేబుళ్ల వైపు చూడాలి.

రివర్సు కరకర చాలామందిని కంగారు పెడుతుంది. క్లచ్ తొక్కి మూడు నాలుగు సెకన్లు ఆగి వేయండి. శబ్దం రాలేదా, తప్పు మన తొందరదే. ఆగినా కరకరలాడితే మళ్లీ క్లచ్చే.

మిగతావన్నీ బాగుండి ఒక్క గేరే, ముఖ్యంగా రెండోది, మార్చేటప్పుడు కరకరలాడితే సింక్రో రింగు అరిగి ఉండొచ్చు. దానికి బాక్సు దించక తప్పదు. ముందుగా ఆయిలు తీయించి చూడండి. బూడిదలాంటి సన్నటి పొడి మామూలే. లోహపు ముక్కలు కనిపిస్తే లోపల పని ఉన్నట్టే. శబ్దం తగ్గుతుందని కొందరు చిక్కటి ఆయిలు పోయిస్తారు. చలి పొద్దుల్లో గేరు ఇంకా బిగుస్తుంది తప్ప అరుగుదల ఆగదు. కంపెనీ పుస్తకంలో రాసిన గ్రేడే పోయాలి.

వీటన్నిటికీ ఒకటి రెండు రోజులు ఆగొచ్చు. వేసిన గేరు దానంతటదే ఊడి న్యూట్రల్‌కు వచ్చేస్తుంటే మాత్రం ఆగకూడదు. కోలారు సరుకుతో చిత్తూరు మీదుగా చెన్నై వెళ్లే బండ్లు పలమనేరు దాటాక మొగిలి ఘాట్ దిగాలి. నిండు లోడుతో దిగేటప్పుడు బండిని పట్టి ఉంచడంలో ఇంజిన్ పాలు పెద్దది. యాక్సిలరేటరు వదలగానే గేరు ఊడితే భారమంతా బ్రేకుల మీద పడుతుంది. అవి వేడెక్కితే పట్టు వదిలేస్తాయి. లివరును చేత్తో నొక్కిపట్టి దిగడం మందు కాదు, లోపలి ఫోర్కు ఇంకా అరుగుతుంది. ఇంజిన్, బాక్సు మౌంటింగు రబ్బర్లు కుంగినా ఇలా ఊడుతుంది కాబట్టి ముందు అవి చూడమనండి. అవి బాగుంటే లాక్ స్ప్రింగు, ఫోర్కు, గేరు పళ్లు చూడాలి. అది తేలేదాకా సరుకును వేరే బండిలోకి మార్చి పంపండి.