భాగం 9: సర్వర్‌లో బ్యాకప్ చేసిన ఫైళ్లు, ఆబ్జెక్టుల పునరుద్ధరణ

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• బ్యాకప్‌కూ పునరుద్ధరణకూ గల సంబంధాన్ని వివరించగలుగుతారు.
• ఏ బ్యాకప్‌లను ఏ వరుసలో వాడాలో నిర్ణయించగలుగుతారు.
• ఫైలు పునరుద్ధరణకూ ఆబ్జెక్టు పునరుద్ధరణకూ గల తేడాను గుర్తించగలుగుతారు.

9.1 పరిచయం

గత భాగంలో బ్యాకప్ రకాలను తెలుసుకున్నారు. బ్యాకప్ తీయడం సగం పని మాత్రమే. పోయిన సమాచారాన్ని దాని నుంచి తిరిగి యథాస్థానానికి చేర్చడాన్ని పునరుద్ధరణ లేదా రిస్టోర్ అంటారు. బ్యాకప్ విలువ తేలేది ఇక్కడే.

మన ప్రాంతానికి సంబంధించిన ఒక సంఘటనను చూడండి. నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు కరెంటు సరఫరా చేసేది తెలంగాణ దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ. 2019 ఏప్రిల్ చివర, మే మొదట్లో ఈ సంస్థతో పాటు రెండు తెలుగు రాష్ట్రాల్లోని ఇతర విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లపై రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. ఫైళ్లకు తాళం వేసి, తీయడానికి డబ్బు అడిగే హానికర ప్రోగ్రామునే రాన్సమ్‌వేర్ అంటారు. ఆన్‌లైన్ సేవలకు అంతరాయం కలిగింది. అయితే సమాచారం బ్యాకప్‌లో భద్రంగా ఉందని అధికారులు అప్పట్లో తెలిపారు. ఇటువంటి సమయంలో సంస్థను నిలబెట్టేది చేతిలో ఉన్న బ్యాకప్, దాన్ని సక్రమంగా వాడగల సిబ్బంది.

9.2 ఏ బ్యాకప్ నుంచి మొదలుపెట్టాలి?

మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లు కార్యాలయాన్ని ఊహించుకోండి. వేబ్రిడ్జి దగ్గర రాసిన తూకం చీటీల వివరాలన్నీ సర్వర్‌లో ఒక ఫోల్డర్‌లో ఉంటాయి. ఏ రైతు ఎన్ని క్వింటాళ్ల ధాన్యం తెచ్చాడో, అతనికి ఎంత చెల్లించాలో లెక్కగట్టేది వాటి ఆధారంగానే. ఇక్కడ ప్రతి ఆదివారం రాత్రి పూర్తి బ్యాకప్, మిగిలిన రాత్రుల్లో ఇంక్రిమెంటల్ బ్యాకప్ తీస్తారు. గురువారం ఉదయం 11 గంటలకు ఒక గుమస్తా ఆ ఫోల్డర్‌లోని కొన్ని ఫైళ్లను పొరపాటున తొలగించాడు.

సర్వర్‌లోని ఫోల్డర్‌ను నెట్‌వర్క్ ద్వారా తెరిచి తొలగించిన ఫైలు సాధారణంగా రీసైకిల్ బిన్‌లోకి చేరదని గమనించండి. కాబట్టి బ్యాకప్‌ను ఆశ్రయించాలి. ఇంక్రిమెంటల్ బ్యాకప్‌లో అంతకు ముందటి బ్యాకప్ తరువాత జరిగిన మార్పులు మాత్రమే ఉంటాయి. అందువల్ల ఆదివారం పూర్తి బ్యాకప్, ఆపై సోమ, మంగళ, బుధవారాల బ్యాకప్‌లు అదే వరుసలో కావాలి. మంగళవారం బ్యాకప్ చెడిపోతే, నమ్మకంగా చేరుకోగలిగేది సోమవారం రాత్రి స్థితికి మాత్రమే. అదే మిల్లులో డిఫరెన్షియల్ పద్ధతి ఉంటే ఆదివారం, బుధవారం బ్యాకప్‌లు రెండూ చాలు. ఎందుకంటే డిఫరెన్షియల్ బ్యాకప్‌లో చివరి పూర్తి బ్యాకప్ తరువాతి మార్పులన్నీ ఉంటాయి.

ఏ పద్ధతిలోనైనా గురువారం ఉదయం నమోదు చేసిన చీటీలు బ్యాకప్‌లో ఉండవు. వాటిని కాగితపు చీటీలు చూసి మళ్లీ నమోదు చేయాలి. ఎంత కాలపు సమాచారం పోయినా సంస్థ తట్టుకోగలదో ముందే నిర్ణయించుకోవడాన్ని పునరుద్ధరణ బిందు లక్ష్యం అంటారు. ఎంత సమయంలో పని తిరిగి మొదలుకావాలో చెప్పేది పునరుద్ధరణ కాల లక్ష్యం. ధాన్యం లారీలు బారులు తీరే సీజనులో రోజుకు ఒక్క బ్యాకప్ సరిపోకపోవచ్చు.

9.3 ఫైళ్లను పునరుద్ధరించే క్రమం

1. ముందుగా ఆ ఫోల్డర్‌లో పని చేస్తున్నవారిని ఆపండి. ఏ ఫైళ్లు పోయాయో, ఎప్పుడు పోయాయో రాసుకోండి.
2. దాడి వల్ల ఫైళ్లు పోయి ఉంటే, సర్వర్‌ను నెట్‌వర్క్ నుంచి వేరు చేసి, శుభ్రం చేసిన తరువాతే పునరుద్ధరణ మొదలుపెట్టండి. లేకపోతే తిరిగి తెచ్చిన ఫైళ్లు కూడా పాడవుతాయి.
3. నష్టం జరగడానికి ముందటి తేదీ బ్యాకప్‌ను ఎంచుకోండి.
4. ఫైళ్లను పాత చోటుకు కాకుండా వేరొక ఫోల్డర్‌లోకి తెప్పించండి.
5. తెరిచి చూసి, సరిపోల్చి, కావలసినవాటినే అసలు చోటుకు చేర్చండి.
6. చేసిన పనిని తేదీతో సహా రిజిస్టరులో నమోదు చేయండి.

నాలుగో మెట్టు చాలా ముఖ్యం. విండోస్ సర్వర్ బ్యాకప్ ప్రోగ్రాము, అదే పేరుగల ఫైలు ముందే ఉంటే ఏం చేయాలని అడుగుతుంది. రెండు ప్రతులనూ ఉంచడం, పాతదాన్ని చెరిపి బ్యాకప్ ప్రతిని రాయడం, ఉన్న ఫైలును ముట్టకుండా వదిలేయడం అనే మూడు మార్గాలు చూపుతుంది. మన గుమస్తా తొలగించింది కొన్ని ఫైళ్లే. మిగిలిన ఫైళ్లలో గురువారం ఉదయం నమోదైన చీటీలు భద్రంగా ఉన్నాయి. తొందరపడి రెండో మార్గం ఎంచుకుంటే వాటి మీద బుధవారం నాటి ప్రతులు వచ్చి పడతాయి. అంటే పునరుద్ధరణే కొత్త నష్టానికి కారణమవుతుంది, ఆ ఉదయం ధాన్యం దించిన రైతుల లెక్క గల్లంతవుతుంది.

ఫైలుతో పాటు దాని అనుమతులను కూడా తిరిగి తేవాలా అని ప్రోగ్రాము అడుగుతుంది. అనుమతులు రాకపోతే, జీతాల ఫైలు వంటివి అందరికీ తెరుచుకోవచ్చు లేదా అవసరమైనవారికే తెరుచుకోకపోవచ్చు.

9.4 షాడో కాపీలు బ్యాకప్ కావు

విండోస్ సర్వర్‌లో షాడో కాపీ అనే సదుపాయం ఉంది. దీన్ని అమలు చేస్తే, ముందుగా అమర్చి ఉన్న పట్టిక ప్రకారం సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం 7 గంటలకూ మధ్యాహ్నం 12 గంటలకూ ఫైళ్ల స్థితిని భద్రపరుస్తుంది. ఒక్కో వాల్యూమ్‌కు గరిష్ఠంగా 64 కాపీలు నిలుస్తాయి. చిన్న పొరపాట్లను సరిదిద్దడానికి ఇది సులువైన దారి. కానీ ఈ కాపీలు సాధారణంగా అదే సర్వర్‌లో ఉంటాయి. డిస్కు పాడైతే అవీ పోతాయి. 2017 మే 12న ప్రపంచమంతటా వ్యాపించి, ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని పోలీసు కంప్యూటర్లను కూడా తాకిన వనాక్రై రాన్సమ్‌వేర్ షాడో కాపీలను చెరిపివేసే ప్రయత్నం చేసేది. అందుకే కనీసం ఒక బ్యాకప్ ప్రతి సర్వర్‌కు తగిలించకుండా, వేరే చోట ఉండాలి.

9.5 ఆబ్జెక్టుల పునరుద్ధరణ

యాక్టివ్ డైరెక్టరీలో ప్రతి వినియోగదారు ఖాతా, కంప్యూటరు, గ్రూపు ఒక్కొక్క ఆబ్జెక్టు. దానికి పేరుతో పాటు గుర్తింపు సంఖ్య, సభ్యత్వాలు ఉంటాయి. సర్వర్ అనుమతులను పేరును బట్టి కాక ఈ గుర్తింపు సంఖ్యను బట్టి ఇస్తుంది. గుమస్తా ఖాతా తొలగిపోయిందని అదే పేరుతో కొత్త ఖాతా సృష్టిస్తే, దానికి కొత్త సంఖ్య వస్తుంది. పాత ఫోల్డర్లు తెరుచుకోవు. కాబట్టి ఖాతాను మళ్లీ సృష్టించడం వేరు, పునరుద్ధరించడం వేరు.

విండోస్ సర్వర్ 2008 ఆర్2 నుంచి యాక్టివ్ డైరెక్టరీకి కూడా రీసైకిల్ బిన్ ఉంది. ముందే అమలు చేసి ఉంటే, తొలగించిన ఖాతా తన సంఖ్యతో, గ్రూపు సభ్యత్వాలతో తిరిగి వస్తుంది. ఒకసారి అమలు చేస్తే దాన్ని ఆపడం వీలుకాదు.

ఆ సదుపాయం లేనప్పుడు బ్యాకప్ నుంచి తేవాలి. డొమైన్ కంట్రోలర్లు రెండు ఉంటే ఇక్కడ ఒక చిక్కు ఉంది. మొదటి దానిలో ఖాతాను తిరిగి తెచ్చినా, తొలగింపు సమాచారం రెండో దానిలో కొత్తగా ఉంటుంది. రెండూ సమాచారం మార్చుకున్నప్పుడు ఖాతా మళ్లీ తొలగిపోతుంది. దీన్ని నివారించడానికి అథారిటేటివ్ రిస్టోర్ చేస్తారు. సర్వర్‌ను డైరెక్టరీ సర్వీసెస్ రిస్టోర్ మోడ్‌లో ప్రారంభించి, బ్యాకప్‌ను పునరుద్ధరించి, ఎన్‌టీడీఎస్‌యుటిల్ అనే సాధనంతో ఆ ఆబ్జెక్టు వెర్షన్ సంఖ్యను పెంచుతారు. అప్పుడు రెండో కంట్రోలర్ దీన్నే తాజా ప్రతిగా స్వీకరిస్తుంది.

ఈ బ్యాకప్‌లకు గడువు కూడా ఉంటుంది. విండోస్ సర్వర్ 2003 మొదటి సర్వీస్ ప్యాక్ తరువాత కొత్తగా ఏర్పాటైన డైరెక్టరీలలో ఇది సాధారణంగా 180 రోజులు, అంతకు ముందు 60 రోజులు. అంతకంటే పాత బ్యాకప్ ఇందుకు పనికిరాదు.

9.6 సారాంశం

పునరుద్ధరణలో తొందర కంటే క్రమం ముఖ్యం. సరైన తేదీని ఎంచుకోవడం, వేరే చోటుకు తెచ్చి సరిచూడడం, అనుమతులనూ గుర్తింపునూ కాపాడడం ఇందులో కీలకం. కనీసం మూడు నెలలకొకసారి ఒక ఫోల్డర్‌నూ ఒక పరీక్షా ఖాతానూ పునరుద్ధరించి చూడండి. అలా పరీక్షించని బ్యాకప్‌ను నమ్ముకోవడం, తెరిచి చూడని గాదెలో ధాన్యం ఉందనుకోవడం వంటిదే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. పై మిల్లులో శుక్రవారం ఉదయం డిస్కు మొత్తం చెడిపోయింది. ఇంక్రిమెంటల్ పద్ధతిలో ఎన్ని బ్యాకప్‌లు కావాలి? డిఫరెన్షియల్ పద్ధతిలో ఎన్ని?
2. అదే పేరుతో కొత్త ఖాతా సృష్టించినా పాత ఫోల్డర్లు ఎందుకు తెరుచుకోవు?

జవాబులు: 1. ఇంక్రిమెంటల్‌లో ఆదివారం నుంచి గురువారం వరకు అయిదు, డిఫరెన్షియల్‌లో ఆదివారం, గురువారం కలిపి రెండు. 2. అనుమతులు పేరుకు కాక గుర్తింపు సంఖ్యకు ముడిపడి ఉంటాయి, కొత్త ఖాతా సంఖ్య వేరు.