ప్లటీయా నగరచరిత్రము: ‘మే మొక్కరమే’ యను వాక్యము

ప్రాచీన గ్రీకుదేశమునందు నగరమే రాజ్యము. ఒక్కొక్క నగరము తన చుట్టునుగల పల్లెలతోడను బొలములతోడను గూడి, తన శాసనములు, తన దైవతములు, తన సేన గలిగి స్వతంత్రముగా వర్తించుచుండెడిది. అట్టివానిలో ఏథెన్సు, స్పార్టా, థీబ్సు అను పెద్దనగరముల చరిత్రములు పాఠశాలాపుస్తకములయందు సైతము గానవచ్చును. వాని నడుమఁ జిక్కి నలిగిన చిన్ననగరముల చరిత్రములు పెద్దవాని చరిత్రములయం దుపకథలుగా మాత్రమే మిగిలినవి. ప్లటీయా యట్టి చిన్ననగరములలో నొకటి.

ఈ నగరము బియోషియా మండలమున, కితీరను పర్వతమునకు ఉత్తరపు టడుగున నుండెను. ఆ పర్వతమునకు దక్షిణముగా ఏథెన్సువారి యాటికా దేశము. నగరమునకు ఉత్తరముగా ఆసోపసు నది. నదికి ఆవల థీబ్సు. హోమరుని ఇలియడు కావ్యమున రెండవసర్గమునందలి నౌకాపట్టికలో బియోషియా నగరములతోఁ బాటు దీని పేరును గలదు. కాని ప్లటీయావారిలో నెవ్వఁడును వ్రాసిన చరిత్రగ్రంథము నేఁడు లభించుట లేదు. ఈ నగరమునుగూర్చి తెలియున దంతయు హెరొడోటసు, థ్యూసిడిడీసు, ప్లూటార్కు మున్నగు నితరనగరములవారి వ్రాతలవలననే తెలియుచున్నది. కావున నీ చరిత్రము నెఱుఁగఁగోరువారు ఏమి చెప్పఁబడె నను ప్రశ్నముతోఁ దృప్తి నొందరాదు. ఎవ్వరిచేత, ఏ సందర్భమున, ఏ పదముతోఁ జెప్పఁబడె నని కూడ విచారింపవలెను. అందులకు ఒక్క యవధారణపదము చక్కని యుదాహరణముగా నున్నది.

మొదట మైత్రి పుట్టిన విధము. బియోషియా నగరములన్నియుఁ దమ నాయకత్వమున నొక్క కూటమిగా నుండవలె నని థీబ్సువారి కోరిక. ప్లటీయావా రందుల కొడంబడక, స్పార్టారాజగు క్లియోమినీసు ససైన్యుఁడై యా ప్రాంతమున నుండఁగా నాతని శరణు వేఁడిరి. స్పార్టావారు తాము దూరస్థుల మనియు, సమీపమున నున్న ఏథెన్సువారిని ఆశ్రయింపుఁ డనియుఁ జెప్పిరి. ఇది ప్లటీయావారియెడఁ బ్రేమచేతఁ జెప్పిన హితము గాదనియు, థీబ్సుతో వైరము దెచ్చి ఏథెన్సువారిని జిక్కులఁ బెట్టుటకుఁ జెప్పిన మాట యనియు హెరొడోటసు వ్రాసెను. ప్లటీయావా రా యుపదేశమును నమ్మి, ఏథెన్సువారు ద్వాదశదేవతలకు బలు లర్పించుచుండఁగాఁ బోయి బలిపీఠమువద్దఁ గూర్చుండి తమ్మును దాము సమర్పించుకొనిరి. థ్యూసిడిడీసు లెక్కనుబట్టి యిది క్రీ. పూ. 519 వ సంవత్సరమున జరిగినది, ఏలయన, క్రీ. పూ. 427 లో జరిగిన నగరనాశము మైత్రి కలిగిన తొంబదిమూఁడవ యేఁట నని యాతఁడు చెప్పెను. క్లియోమినీసు ఆ ప్రాంతమునకు వచ్చిన ఇతరప్రసంగములఁ జూచి కొందఱు పండితులు ఆ సంఖ్య లేఖకదోష మనియు, 509 అని దిద్దవలె ననియుఁ దలఁచిరి. ఏ సంవత్సరము గ్రహించినను ఒక విషయము స్థిరము: ప్లటీయాను ఏథెన్సు చేతిలోఁ బెట్టినవారు స్పార్టావారే.

ఆ మైత్రికి ఫలము క్రీ. పూ. 490 లో మారథాను యుద్ధమునఁ గానవచ్చెను. పారసీకసేన యాటికాతీరమున దిగినప్పుడు స్పార్టావారు పూర్ణిమ రాకుండ బయలుదేరరా దని ఆలస్యము చేసిరి. ప్లటీయావారు తమ బలమంతయుఁ దీసికొని వచ్చి వ్యూహమున ఎడమకొమ్మునందు నిలిచిరి. వారు వేయిమంది యని తరువాతి గ్రంథకర్తలు చెప్పుదురు. హెరొడోటసు సంఖ్య చెప్పలేదు. అయినను అంతకంటె విలువైన విషయ మొకటి యాతఁడు చెప్పెను. నాఁటినుండి ఏథెన్సువారు నాలుగేండ్ల కొకసారి చేయు మహోత్సవములయందు వారి ఘోషకుఁడు దేవతలను బ్రార్థించునప్పుడు ఏథెన్సువారికిని ప్లటీయావారికిని సమానముగా శుభములు గలుగుఁగాక యని పలుకుచుండెనఁట.

పిమ్మటఁ బదియేండ్లకు పారసీకచక్రవర్తియగు జెర్‌క్సీసు దండెత్తివచ్చెను. ప్లటీయావారు పర్వతప్రాంతవాసులు, నౌకావిద్య యెఱుఁగనివారు. అయినను ఆర్టిమీసియమువద్ద ఏథెన్సువారి యోడల నెక్కి తెడ్లు వేసిరి. శత్రుపక్షమునఁ జేరిన థీబ్సువారు చెప్పఁగా విని జెర్‌క్సీసు ప్లటీయాను దహించెను. మఱుసటియేఁడు, అనఁగాఁ గ్రీ. పూ. 479 లో, గ్రీకుసేనలన్నియు ఆ దగ్ధనగరపు పొలములయందే పారసీకసేనాని మర్డోనియసు నెదుర్కొనుటకుఁ గూడినవి.

యుద్ధమునకు ముందు ఒక వివాదము పుట్టినది. కుడికొమ్ము స్పార్టావారిది, ఎడమకొమ్ము తమకు గావలె నని టీజియా నగరమువారును ఏథెన్సువారును వాదించిరి. ఏథెన్సువారు పురాణకాలపు పరాక్రమములఁ గొన్ని చెప్పి, తుదకు మారథాను నెత్తి, గ్రీకులలోఁ దా మొక్కరమే పారసీకునితోఁ బోరి నలువదియాఱు జాతులను గెలిచితి మని పలికినట్లు హెరొడోటసు వ్రాసెను. ఎడమకొమ్ము వారికే లభించెను. వెంటనే హెరొడోట సిచ్చిన సేనాపట్టికలో ఆ కొమ్మున నిలిచినవా రెవ్వరు? ఏథెన్సువా రెనిమిదివేలు, వారి ప్రక్కనే ప్లటీయావా రాఱువందలు. పదునొకం డేండ్లకు ముందు మారథానునఁ గూడ నదే యెడమవైపున నిలిచినవారు, తమ పొలముననే, తమ మిత్రుల ప్రక్కనే నిలిచి ‘మే మొక్కరమే’ యను మాట వినవలసివచ్చెను.

వ్యాకరణజ్ఞులకు ఏవకారముయొక్క శక్తి తెలిసినదే. ‘దేవదత్తుఁడు పండితుఁడే’ యన్నప్పుడు దేవదత్తునకుఁ బాండిత్యము లేదన్న శంక తొలఁగును, ఇది యయోగవ్యవచ్ఛేదము. ‘దేవదత్తుఁడే పండితుఁడు’ అన్నప్పుడు ఇతరులకుఁ బాండిత్యము నిషేధింపఁబడును, ఇది యన్యయోగవ్యవచ్ఛేదము. ఏథెన్సువారు ‘మేము పోరినవారమే’ యని యుండినచో ఎవ్వరికిని హాని లేదు. ‘మేమే పోరితిమి’ అన్నచో ఎడమకొమ్మునఁ బడిన ప్లటీయావీరులు చరిత్రమునుండి వ్యవచ్ఛిన్ను లగుదురు.

ఇందుల కొక సమాధానము చెప్పవచ్చును: ప్లటీయావారు ఏథెన్సువారికి వశులై యుండిరి గావున ‘మేము’ అను శబ్దమునందే వారును గలిసిరి, అవధారణమువలన దోషము లేదు, అని. ఇది నిలువదు. ఉత్సవప్రార్థనమున వారి పేరు వేఱుగా నుచ్చరింపఁబడుచుండెను. సేనాపట్టికలో వారి సంఖ్య వేఱుగా నీయఁబడెను. వేఱుగా నెన్నఁబడినవారిని కీర్తి పంచుకొనునప్పుడు మాత్రము లోఁ గలుపుకొంటి మనుట యుక్తము గాదు.

ఈ మాట ఒక్కసారి జాఱిన మాటయు గాదు. థ్యూసిడిడీసు గ్రంథమున, పెలొపొనీసియ యుద్ధమునకు ముందు స్పార్టాలో మాటలాడిన ఏథెన్సుదూతలు సైతము మారథానునఁ దా మొక్కరమే ముందు నిలిచితి మని చెప్పుదురు. ఇచట గ్రహింపవలసిన భేద మొకటి యున్నది. రెండుగ్రంథములందును ఈ యవధారణము వక్తల నోటనే యున్నది, చరిత్రకారుని స్వవాక్యమునందు లేదు. హెరొడోటసు స్వవాక్యమునఁ బ్లటీయావారు సమస్తబలముతో వచ్చిరి. పూర్వపక్షవాక్యమును సిద్ధాంతముగాఁ జదువు విద్యార్థి శాస్త్రమునందు వలెనే చరిత్రమునందును మోసపోవును.

ఏథెన్సువారి కుడ్యచిత్రమే వారి వక్తల మాటను ఖండించుచున్నది. చిత్రితమండప మని ప్రసిద్ధిగన్న వారి కట్టడమున మారథానుయుద్ధము వ్రాయఁబడియుండెననియు, అందు ప్లటీయావారు సాయమునకు వచ్చుచున్నట్లు చూపఁబడె ననియు, వారిని బియోషియాదేశపు శిరస్త్రాణములచే గుర్తింపవచ్చు ననియు అపొల్లొడోర సను ఏథెన్సువాఁడు న్యాయసభలోఁ జెప్పెను. క్రీ. శ. రెండవశతాబ్దమున గ్రీకుదేశమంతయుఁ దిరిగి గ్రంథము వ్రాసిన పౌసేనియ సను యాత్రికుఁ డా చిత్రమును జూచెను. మారథాను మైదానమునఁ బ్లటీయావారి సమాధిని గూడఁ బేర్కొనెను.

479 నాఁటి జయము తరువాత గ్రీకులసేనాని, స్పార్టావాఁడగు మఱియొక పౌసేనియసు, ప్లటీయా నగరపు టంగడివీథిలో విమోచకుఁడగు జ్యూసు దేవునకు బలి యిచ్చి, ఆ నగరమును భూమిని ప్లటీయావారికి స్వతంత్రముగా నిచ్చి, అన్యాయముగా నెవ్వఁడు వారిపై దండెత్తినను మిత్రులెల్ల రక్షింపవలె నని సర్వజనసమక్షమున నిశ్చయించెను. డెల్ఫీక్షేత్రమున నిలిపిన జయస్తంభముపైఁ బారసీకులతోఁ బోరిన నగరముల పేళ్లు చెక్కిరి. మూఁడు సర్పములు పెనవైచుకొన్న యా కంచుస్తంభము నేఁడు ఇస్తాంబులు నగరమున నున్నది. అందు ముప్పదియొక్క పేళ్లలోఁ బ్లటీయావారి పేరు నేఁటికిని జదువవచ్చును. పడినవీరులకు ఏఁటేఁటఁ జేయవలసిన తర్పణములు ప్లటీయావారి కప్పగింపఁబడెను. సంవత్సరమంతయు ఇనుము ముట్టక తెల్లని వస్త్రములు ధరించు నగరాధికారి, ఆ యొక్కదినమున ఎఱ్ఱనివస్త్రము దాల్చి, ఖడ్గము పట్టి, ఊటనుండి నీరు దెచ్చి స్వహస్తములతో సమాధిశిలలను గడిగి, నల్లని వృషభమును బలియిచ్చి, మృతవీరులను భోజనమునకుఁ బిలుచుచుండెనఁట. క్రీ. శ. మొదటి రెండవ శతాబ్దములవాఁడగు ప్లూటార్కు ఈ కర్మము తనకాలమునను జరుగుచున్న దని వ్రాసెను.

ఇట్టి ప్రమాణములకుఁ బరీక్ష క్రీ. పూ. 431 లో వచ్చెను. శాంతికాలముననే, వర్షము గురియు నొక రాత్రి, థీబ్సుసైనికులు నగరమునఁ జొచ్చిరి. నాక్లైడీ సను ప్లటీయావాఁడే తన కక్షవారితోఁ గూడి తలుపులు దెఱచెను. వచ్చినవారు మున్నూటికిఁ గొంచె మెక్కువ యని థ్యూసిడిడీసు, నన్నూఱు అని హెరొడోటసు. ప్లటీయావా రిండ్ల నడిమిగోడలఁ ద్రవ్వి లోలోపలనే కూడుకొని, తెల్లవాఱకముందే వారిపైఁ బడిరి. స్త్రీలును సేవకులును పైకప్పుల నుండి పెంకులు విసరిరి. పట్టుపడిన నూటయెనుబదిమందిని దరువాత వధించిరి. బయటనున్న థీబ్సుసేన మరలిపోయినచో బందీలను విడుతు మని ప్లటీయావారు శపథము చేసి తప్పి రని థీబ్సువారి మాట. శపథము చేయలే దని ప్లటీయావారి మాట. థ్యూసిడిడీసు రెండును వ్రాసి, ఏ పక్షమునకును దా నొడ్డుకొనక విడిచెను.

క్రీ. పూ. 429 లో స్పార్టారాజు ఆర్కిడేమసు ముట్టడికి వచ్చెను. ప్లటీయావారు పౌసేనియసు నిశ్చయమును జ్ఞాపకము చేసిరి. ఏథెన్సుకు దూతలఁ బంపిరి. ఏథెన్సువారు మున్నెన్నఁడును మిమ్ము విడువలేదు, ఇప్పుడును విడువము, అని ప్రత్యుత్తర మిచ్చిరి గాని, ముట్టడిని విడిపించుటకు సేనను బంపలేదు. అశక్తులను మున్నే ఏథెన్సుకుఁ బంపివేయఁగా కోటలో మిగిలినవారు ప్లటీయావారు నన్నూఱు, ఏథెన్సువా రెనుబది, వంటకై స్త్రీలు నూటపదిమంది. క్రీ. పూ. 428–427 శీతకాలమున నొక తుపానురాత్రి, శత్రువుల గోడయందలి యిటుకవరుసల లెక్కించి దానికిఁ దగిన నిచ్చెనలు చేసికొని, ఇన్నూటపండ్రెండుగురు గోడ దాఁటి ఏథెన్సు చేరిరి. తక్కినవారు మఱుసటివేసవి నాఁకటిచే లొంగిపోయిరి.

వారిని విచారించుటకు స్పార్టానుండి యైదుగురు న్యాయాధిపతులు వచ్చిరి. వా రడిగిన ప్రశ్న మొక్కటే: ఈ యుద్ధమున స్పార్టావారికిఁ గాని వారి మిత్రులకుఁ గాని మీరు మేలేమైనఁ జేసితిరా? ఇచటను ఒక విశేషణమే ప్రాణము దీసినది. ‘ఈ యుద్ధమున’ అనుటచేత మారథాను, ఆర్టిమీసియము, 479 నాఁటి రణము, సమాధిశిలలను గడుగు వార్షికకర్మము, అన్నియు ప్రశ్నమునకు వెలిగా నుంచఁబడినవి. ప్లటీయావారు తమ ప్రసంగమున నా వెలివేయఁబడినవానినే లోపలికిఁ దెచ్చుటకుఁ బ్రయత్నించిరి. మమ్ము ఏథెన్సుకుఁ బంపినది మీరు గాదా? మీ తండ్రుల సమాధులకు ఏఁటేఁట వస్త్రములును బ్రథమఫలములును సమర్పించుచున్నది మేము గాదా? మీ తండ్రులు డెల్ఫీస్తంభముపై వ్రాసిన మా పేరును మీరు థీబ్సువారికొఱకు గ్రీకుభూమినుండియే తుడిచివేయుదురా? అని వారి వాదసారము. న్యాయాధిపతు లొక్కొక్కనిఁ బిలిచి మరల ఆ ప్రశ్నమునే యడిగి, లేదన్నవానిని లేదన్నట్లే వధింపఁ బంపిరి. ప్లటీయావా రిన్నూటికిఁ దక్కువ గాక, ఏథెన్సువా రిరువదియైదుగురు చంపఁబడిరి. స్త్రీలు దాసు లైరి. స్పార్టావా రిట్లు చేయుట ప్రాయికముగా థీబ్సువారికొఱకే, వారు యుద్ధమున నుపయోగపడుదు రని తలఁచుటచేతనే, యని థ్యూసిడిడీసు స్వవాక్యముగాఁ జెప్పెను. కొలఁదికాలమునకు నగరము నేలమట్టమయ్యెను. హీరాదేవి యాలయముచెంత నిన్నూఱడుగుల చతురమైన సత్ర మొకటి కట్టఁబడెను. భూములు థీబ్సువారికిఁ గౌలున కీయఁబడెను.

బ్రదికినవారికి ఏథెన్సువారు పౌరత్వ మిచ్చిరి. క్రీ. పూ. 386 నాఁటి సంధి తరువాత నగరము మరల లేచెను, క్రీ. పూ. 373 ప్రాంతమున థీబ్సువారు దానిని మరలఁ బడఁగొట్టిరి. ఐసొక్రటీసు రచించిన ప్లటాయిక మను ప్రసంగము ఆ రెండవవిపత్తును గూర్చినదే. క్రీ. పూ. 338 లోఁ గెరోనియా యుద్ధమున థీబ్సు నోడించిన మాసిడోనియారాజు ఫిలిప్పు ప్లటీయావారిని దిరిగి నెలకొల్పెను. గ్రీకుల స్వాతంత్ర్యపు రణమునకుఁ బూర్వులు తమ భూమి నిచ్చి రను కారణముచేత ఆ నగరమును మరలఁ గట్టింతు నని యాతని కుమారుఁడు అలెగ్జాండరు ప్రకటించె నని ప్లూటార్కు వ్రాసెను.

ఈ చరిత్రమును బోధించువారు మారథాను పాఠమున ఏథెన్సువారి పేరు చెప్పి యూరకుండుట వాడుక. ఆ పాఠమున ప్లటీయావారి పేరును జేర్చుటకు ఒక్క వాక్యము చాలును. వక్తృవాక్యమును గ్రంథకర్తృవాక్యమునుండి వేఱుచేసి చదివినచో నా వాక్యము హెరొడోటసునందే సిద్ధముగా నున్నది. శాసనమును, చిత్రమును, సమాధియు దానికి సాక్ష్యము పలుకుచున్నవి. ఒక్క ‘ఏ’కారము వెలిపెట్టినవారిని లోనికిఁ బిలుచుటకు ఇంతకంటెఁ బ్రమాణ మక్కఱ లేదు.