పాత ఫోను - కంప్యూటరుకు కొత్త మీటల పలక

షాబాన్ నెల వచ్చిందంటే చిత్తూరులోని మా మదరసా కార్యాలయంలో దీపం రాత్రి చాలా పొద్దుపోయేవరకు వెలుగుతూ ఉంటుంది. వార్షిక పరీక్షల ప్రశ్నపత్రాలు అరబీ, ఉర్దూ, తెలుగు భాషలు మూడింటిలోనూ సిద్ధం కావాలి. ఈ భారమంతా ఒక్క మున్షీ గారి చేతిమీదే నడుస్తుంది. వారికి అరవై ఏళ్ళు దాటాయి. రెండేళ్ళ క్రితం జారిపడి కుడి మణికట్టు విరిగింది. ఎముక అతికింది గాని, వేళ్ళకు మునుపటి చురుకుదనం తిరిగి రాలేదు. ఒక్కొక్క అక్షరమే కొట్టడం వారికి కష్టం కాదు. రెండు మూడు మీటలను ఒకేసారి అదిమిపట్టవలసి వచ్చినప్పుడే చెయ్యి మొరాయిస్తుంది.

కిందటి సంవత్సరం ఒక సాయంత్రం వారు మా వద్దకు వచ్చి, "హజ్రత్, ప్రవక్త గారి పేరు వచ్చిన ప్రతిచోటా దరూద్ పూర్తిగా కొట్టలేకపోతున్నాను. 'స' అని ఒక్క అక్షరం పెట్టి వదిలేయమంటారా?" అని అడిగారు. అడిగేటప్పుడు వారు మా ముఖం వైపు చూడలేదు.

మేము వెంటనే బదులు చెప్పలేకపోయాము. హదీసు శాస్త్ర పండితులు ఇబ్న్ అస్సలాహ్ 1245లో మరణించారు. 'సల్లల్లాహు అలైహి వసల్లం' అని ఎన్నిసార్లు రాయవలసి వచ్చినా విసుగు చెందరాదని, దానిని పొడి అక్షరాలకు కుదించరాదని ఆయన లేఖకులకు హితవు చెప్పారు. ఆ పాఠాన్ని ఏటా విద్యార్థులకు బోధించేది మేమే. తెలుగు పత్రికల్లో ఒక్క అక్షరం పెట్టే అలవాటు ఉన్న మాట నిజమే, దానిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. అయితే మా మున్షీ గారు పూర్తిగా రాయాలనే కోరుకున్నారు. వారి చెయ్యే సహకరించలేదు.

అరలో పడి ఉన్న ఫోను

దారి చూపినవాడు మా పూర్వ విద్యార్థి. తిరుపతిలో డిగ్రీ చదువుతూ సెలవులకు వచ్చాడు. సంగతి విని, "హజ్రత్, ఇంట్లో వాడని ఫోను ఏదైనా ఉందా?" అని అడిగాడు.

వాడని ఫోను లేని ఇల్లు ఈ రోజుల్లో ఎక్కడుంది? సత్యవేడు దగ్గరి శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ కర్మాగారం 2015లోనే షావోమీ ఫోన్లను తయారుచేయడం ప్రారంభించింది. అప్పటికది చిత్తూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుండి తిరుపతి జిల్లా. మన గడ్డమీదనే తయారయ్యే ఈ వస్తువు నాలుగైదేళ్ళు తిరిగేసరికి అరలోకి చేరుతున్నది. మా ఇంట్లోనూ అద్దం మూల పగిలిన ఫోను ఒకటి ఉంది. బ్యాటరీ ఉబ్బలేదని చూసుకొని తెచ్చి ఇచ్చాము. బ్యాటరీ ఉబ్బిన ఫోనును మాత్రం ఇటువంటి పనికి వాడరాదు. అది ప్రమాదకరం.

ఇది పనిచేసే తీరు

కంప్యూటరులో కొన్ని మీటలను కలిపి నొక్కితే ఒక పని చప్పున జరిగిపోతుంది. దీనినే షార్ట్‌కట్ అంటారు. నకలు తీయడం, అతికించడం వంటి సౌకర్యాలను 1970ల్లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో రూపొందించినవారిలో ముఖ్యుడు లారీ టెస్లర్. ఆయన 2020లో మరణించారు. ఇటువంటి షార్ట్‌కట్లను ఒక్కొక్క మీటకు అప్పగించే పలకలు తరువాతి కాలంలో వచ్చాయి. 2017లో ఎల్గాటో సంస్థ 'స్ట్రీమ్ డెక్' పేరుతో 15 మీటల పలకను విడుదల చేసింది. ప్రతి మీట మీద చిన్న బొమ్మ కనిపిస్తుంది. బొమ్మను నొక్కితే పని అయిపోతుంది. అటువంటి పలకను కొనే స్తోమత లేనివారికి పాత ఫోనే పలక అవుతుంది.

ఇందుకు ఫోనులో ఒక యాప్, కంప్యూటరులో దానికి జతగా ఒక ప్రోగ్రాము ఉండాలి. రెండూ ఒకే వైఫైకి కలిసి ఉండాలి. ఫోను తెరమీద బొమ్మను తాకగానే ఆ కబురు రౌటరు ద్వారా కంప్యూటరుకు చేరుతుంది. కంప్యూటరు తన మీటలనే ఎవరో నొక్కినట్లు భావించి ఆ పని చేస్తుంది. ఒకసారి అమర్చుకున్న తరువాత ఇంటర్నెట్ లేకున్నా ఫరవాలేదు, కబురు ఇంటి గడప దాటి పోదు. మాక్రో డెక్, టచ్ పోర్టల్ వంటివి ఈ కోవకు చెందినవే. కేడీఈ కనెక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఫోనును మౌసుగా వాడవచ్చు, తరగతిలో తెరమీద చూపే పాఠం పుటలను తిప్పవచ్చు, ముందుగా రాసిపెట్టిన ఆదేశాలను నడిపించవచ్చు.

మా ఎనిమిది బొమ్మలు

మేము ఎనిమిది బొమ్మలతో సరిపెట్టుకున్నాము. భద్రపరచడం, చేసినదానిని రద్దు చేయడం, ముద్రించడం, భాష మార్చడం, కంప్యూటరుకు తాళం వేయడం - ఇవి ఐదు. ఆరవది ప్రశ్నపత్రం తలకట్టు. ఏడవదానిని తాకితే 'సల్లల్లాహు అలైహి వసల్లం' అని తెలుగులో పూర్తిగా పడుతుంది. ఎనిమిదవది ఉర్దూ, అరబీ పత్రాలకు. ఆ దరూద్ మొత్తానికి యూనికోడ్‌లో ఒకే గుర్తు ఉన్నది, అదే పడుతుంది.

ఫోనును మున్షీ గారి ఎడమచేతి వైపు నిలబెట్టాము. మొదటిసారి ఏడవ బొమ్మను తాకినప్పుడు వారు తెరమీద పడిన అక్షరాలను పెదవులతో చదువుకున్నారు. ఆ తరువాత కూడా తాకిన ప్రతిసారీ చదువుకుంటూనే ఉన్నారు.

ఎదురైన చిక్కులు

అంతా సాఫీగా సాగిందని చెబితే అసత్యమవుతుంది. కరెంటు పోయినప్పుడు కంప్యూటరు యూపీఎస్ మీద నడిచేది, రౌటరు ఆగిపోయేది. ఫోను ఉన్నపళంగా మూగబోయేది. రౌటరును కూడా యూపీఎస్‌కే కలిపిన తరువాత ఆ బాధ తప్పింది. మరొక చిక్కు పాత తెలుగు అక్షరాలది. అను ఫాంట్లలో తెలుగు రూపాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. కాబట్టి యూనికోడ్‌లో సిద్ధం చేసిన వాక్యం అక్కడ సరిగా కనిపించదు. మేము ప్రశ్నపత్రాలను యూనికోడ్‌కు మార్చుకోవలసి వచ్చింది.

ఫోను గాజు పలక మీద మీటల ఎత్తుపల్లాలు వేలికి తగలవు. ప్రతిసారీ చూపు అటు తిప్పవలసిందే. అందువల్ల మామూలు అక్షరాలకు కీబోర్డే మేలు. చేతికి కష్టమైన కలయికలకు, పదే పదే వచ్చే వాక్యాలకు మాత్రమే ఫోను ఉపకరిస్తుంది.

మేము చేసిన పొరపాటు

అన్నిటికంటే పెద్ద పాఠం ఒక మధ్యాహ్నం నేర్చుకున్నాము. మున్షీ గారికి ఇంకొంత సులువు చేయాలని, ముద్రణ బొమ్మకు 'ఎంటర్' మీటను కూడా మేమే జతచేయించాము. నమాజు వేళ ఫోను తెరచి ఉండగానే అందరమూ లేచి వెళ్ళాము. తిరిగి వచ్చేసరికి హిఫ్జ్ తరగతి చిన్నవాడొకడు గుమ్మం దగ్గర మూడు కాగితాలు పట్టుకొని నిలబడి ఉన్నాడు. "హజ్రత్, బొమ్మ ముట్టుకుంటే ఇవి వచ్చాయి" అన్నాడు. అవి మరునాటి ప్రశ్నపత్రాలు. వాడికి అందులో ఏముందో తెలియదు. అయినా ప్రశ్నపత్రం అమానతు. ఆ రాత్రి మేము కొత్త ప్రశ్నలు తయారుచేశాము, మున్షీ గారు మళ్ళీ కొట్టారు. తప్పు పిల్లవాడిది కాదు, ఫోనుది కాదు, మాది.

ఇప్పుడు ముద్రణ బొమ్మను తాకితే ముద్రించాలా వద్దా అని అడిగే పెట్టె తెరుచుకొని ఆగిపోతుంది. ఆపై నిర్ణయం మనిషిదే. ఫోనుకు రహస్య సంఖ్య పెట్టాము, సిమ్ తీసేశాము, పని అయిన వెంటనే బీరువాలో పెడుతున్నాము. వైఫై పాస్‌వర్డ్ విద్యార్థులకు ఇవ్వడం మానుకున్నాము. ఈ జాగ్రత్త అతి కాదు. బహుళ ప్రచారంలో ఉన్న ఒక రిమోట్ మౌస్ యాప్‌లో లోపాలున్నాయని, అదే నెట్‌వర్క్‌లో ఉన్న పరాయి వ్యక్తి వాటి ద్వారా కంప్యూటరును వశపరచుకోగలడని 2021లో భద్రతా పరిశోధకులు బయటపెట్టారు. ఫోనును, కంప్యూటరును జతచేసేటప్పుడు మన అనుమతి అడిగే యాప్‌లనే ఎంచుకోవాలి, వాటిని తాజాగా ఉంచుకోవాలి.

పాఠక మిత్రులారా, మీ ఇంట్లోనూ అరలో ఒక ఫోను పడి ఉండవచ్చు. లెక్కలు రాసుకునే నాన్నగారికో, కీళ్ళనొప్పులతోనే కుట్టుపని బిల్లులు తయారుచేసే అమ్మగారికో, ఒక చేయి సరిగా ఆడని బిడ్డకో అది అక్కరకు రావచ్చు. ఏ పనికి ఏ బొమ్మ కావాలో వారినే అడిగి అమర్చండి. నాలుగైదింటితో మొదలుపెట్టండి. ముద్రించడం, తుడిచివేయడం, పంపించడం వంటి తిరిగిరాని పనులను ఒక్క తాకిడికి వదలకండి.

ఈ షాబాన్‌లోనూ మున్షీ గారే ప్రశ్నపత్రాలు కొట్టారు. దిద్దుతూ చూశాము. ఎక్కడా ఒంటరి 'స' కనిపించలేదు.