చిరిగిన పాత నోటు – కొనాలా? వద్దా?

అది రథసప్తమి రోజు. అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడి దారి నిండా జనం. పలాస నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్ళు దర్శనానికి వచ్చారు. ఇద్దరూ జీడిపప్పు పని చేసి బతికేవాళ్ళే. పెద్దామె కూతురు కూడా వెంట ఉంది. ఆ పిల్ల ఎనిమిదో తరగతి చదువుతోంది.

దారి పక్కన ఒకతను గోనె పరిచి కూర్చున్నాడు. గోనె మీద పాత కాణీలు, పాత నోట్లు ఉన్నాయి. ఒక నోటు ఎత్తి చూపించాడు. దాని మీద 100 అంకె ఉంది. నోటు మధ్యకు చిరిగింది. టేపుతో అతికించారు. ఒక మూల లేనే లేదు.

"ఇది రంగం నోటమ్మా. తాతల నాటిది. రెండు వేలియ్యండి. పట్నంలో లచ్చ పలుకుతాది" అన్నాడు.

చెల్లెలికి మనసు లాగింది.

"ఓలప్పా! మన తాత రంగం ఎల్లినోడే కదేటి? కొనేద్దుమా?" అంది.

ఆమె కొంగుముడిలో 2,000 రూపాయలు ఉన్నాయి. పిల్లల పుస్తకాలకూ బట్టలకూ పొదుపు సంఘంలో తీసుకున్న డబ్బు అది.

అప్ప తొందరపడలేదు. "ఉండు. ముందు సదవనీ" అంది.

పాత నోటు కొనేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. వాటికి జవాబు దొరికాకే కొంగుముడి విప్పాలి.

మొదటి ప్రశ్న: ఈ నోటు ఎవరు వేశారు?

మన పది రూపాయల నోటు తీసి చూడండి. మీద రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకం ఉంటుంది. నోటుకు నంబరు ఉంటుంది. వెనక పక్క ఒక గడిలో 15 భాషల్లో నోటు విలువ రాసి ఉంటుంది. అందులో కింది నుంచి రెండో వరస తెలుగు. "పది రూపాయలు" అని మీరే చదువుకోవచ్చు. 2005 నుంచి వేసిన నోట్ల వెనక, అడుగున, అచ్చు వేసిన సంవత్సరం కూడా ఉంటుంది.

అతను చూపిన నోటులో అప్ప తెలుగు కోసం వెతికింది. లేదు. నంబరు కూడా లేదు. 'బి'తో మొదలయ్యే ఇంగ్లీషు అక్షరాలు మాత్రం ఉన్నాయి. కూతురు ఇంగ్లీషు చదివింది. "ద జపనీస్ గవర్నమెంట్" అని ఉంది. అంటే జపాను ప్రభుత్వం.

రంగం నోటు మీద జపాను పేరేమిటి?

రంగం అంటే బర్మా దేశంలోని రంగూన్ పట్నం. ఈనాటి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి ఎంతోమంది అక్కడికి కూలికి వెళ్ళారు. రేవులోనూ మిల్లుల్లోనూ కష్టపడ్డారు. యుద్ధం వచ్చింది. 1942లో జపాను సైన్యం రంగూన్‌ను పట్టుకుంది. వేలమంది కొండలు, అడవులు దాటి నడిచి ఇండియాకు వచ్చారు. దారిలో చనిపోయిన వాళ్ళూ ఉన్నారు. అక్కడే ఉండిపోయిన వాళ్ళూ ఉన్నారు.

జపాను వాళ్ళు బర్మాలో సొంతంగా రూపాయి నోట్లు అచ్చు వేశారు. లెక్కలేకుండా వేశారు. 1945లో జపాను ఓడిపోయింది. బ్రిటిషు వాళ్ళు తిరిగి వచ్చి ఆ నోట్లు చెల్లవన్నారు. కష్టపడి దాచుకున్న నోట్లు ఒక్కసారిగా చిత్తు కాగితాలయ్యాయి.

రెండో ప్రశ్న: ఇలాంటి నోట్లు ఎన్ని మిగిలి ఉన్నాయి?

పాతదైనంత మాత్రాన విలువైనది కాదు. తక్కువ మిగిలి ఉండాలి. కావాలనే వాళ్ళు ఎక్కువ ఉండాలి. అప్పుడే ధర వస్తుంది.

బర్మాలో జపాను వేసిన నోట్లు ఇప్పటికీ చాలా ఉన్నాయి. మడత పడని మంచి నోట్లే తక్కువ ధరకు దొరుకుతాయి. ఇక చిరిగిన నోటు ఎవరికి కావాలి?

ట్రాక్టరు బొమ్మ ఉన్న పాత 5 రూపాయల నోటుకు లక్షలు వస్తాయని కొందరు చెబుతారు. నమ్మకండి. అలాంటి నోట్లు లెక్కలేనన్ని అచ్చయ్యాయి.

మన దేశంలో మొదటి ఒక రూపాయి నోటు 1917లో వచ్చింది. దాని మీద అయిదో జార్జి రాజు బొమ్మ ఉంది. అంత పాతవి ఇప్పుడు తక్కువ. అవి నలిగినా కొనేవాళ్ళు ఉంటారు. అయినా మంచి నోటుకు వచ్చే ధర నలిగిన నోటుకు రాదు.

మూడో ప్రశ్న: నోటు ఎలా ఉంది?

జీడిపప్పు పని చేసేవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. గుండు పప్పు ధర వేరు. బద్ద ధర వేరు. ముక్క ధర వేరు. నోటు కూడా అంతే.

నోటును వెలుతురుకు ఎత్తి చూడండి. పిన్ను కన్నాలు కనిపిస్తాయి. మడత దగ్గర చిరుగు కనిపిస్తుంది. మూలలు ఉన్నాయా? సిరా గీతలు, నూనె మరకలు ఉన్నాయా? టేపు అతికించారా? ఒక్కో లోపానికి ధర తగ్గుతుంది.

మీ ఇంట్లోనే పాత నోటు ఉంటే టేపు వెయ్యకండి. కడగకండి. ఇస్త్రీ చెయ్యకండి. బాగు చెయ్యబోతే ఇంకా పాడవుతుంది. మడవకుండా కవరులో పెట్టి దాచండి.

ఇవి కూడా గుర్తుంచుకోండి

ఇప్పుడు చెల్లే నోటు చిరిగితే కమీషను ఇచ్చి మార్చుకోకండి. బ్యాంకుకు తీసుకెళ్ళండి. 20 రూపాయల వరకు నోట్లలో సగం కంటే పెద్ద ముక్క ఉంటే పూర్తి డబ్బు ఇస్తారు. 50 రూపాయలు, ఆపై నోట్లలో నూటికి 80 వంతుల కంటే పెద్ద ముక్క ఉంటే పూర్తి డబ్బు వస్తుంది. 40 నుంచి 80 వంతుల వరకు ఉంటే సగం వస్తుంది. అంతకంటే చిన్న ముక్కకు ఏమీ రాదు.

2016 నవంబరులో రద్దయిన పాత 500, 1,000 నోట్లు కొనకండి. అవి పది కంటే ఎక్కువ దగ్గర పెట్టుకుంటే జరిమానా వెయ్యవచ్చని 2017లో చట్టం వచ్చింది.

"మీ పాత నోటుకు లక్షలిస్తాం, ముందు ఫీజు కట్టండి" అని ఫోను వస్తే అది మోసం. అలాంటి కొనుగోళ్ళతో తనకు సంబంధం లేదనీ, కమీషను ఎప్పుడూ అడగననీ రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది.

మరి చిరిగిన నోటు ఎప్పుడు కొనవచ్చు?

అది నిజంగా అరుదైనదని తెలిసినవాళ్ళు చెప్పాలి. అమ్మేవాడు రసీదు ఇవ్వాలి. పోయినా ఇబ్బంది లేని డబ్బుతో కొనాలి. ముచ్చటపడి కొంటే చిన్న మొత్తానికే కొనాలి. పిల్లల చదువు డబ్బుతో, అప్పు డబ్బుతో ఎప్పుడూ కొనకూడదు.

అరసవల్లిలో అప్ప చివరికి ఒక్క మాట అడిగింది.

"బాబూ, రెండు వేలిచ్చి కొంతాం. రేపు మాకు డబ్బు అవసరమైతే వెయ్యికి నువ్వే తిరిగి తీసుకుంతావా?"

అతను జవాబు చెప్పలేదు. నోటు గోనె మీద పెట్టేసి ఇంకొకరిని పిలిచాడు.

చెల్లెలు కొంగుముడి బిగించుకుంది. కొంచెం దూరం నడిచాక, "తాత గురుతు ఒకటి ఉంతాదనుకున్నానప్పా" అంది.

"గురుతుకి ఆ కాయితమే కావాలేటి?" అంది అప్ప. "పిల్ల పుస్తకాలు కొన్నప్పుడు మనకీ ఒక నోటుబుక్కు కొనుక్కుందుం. తాత పేరు, ఊరు, రంగం ఎల్లిన సంగతి అందులో రాద్దుం. ఇప్పుడు మనకి రాయడం వచ్చు గదే!"