వియన్నాలో ఓ వంటిల్లు

"ఫ్రాంక్‌ఫర్ట్ ఎలా ఉంటుందే?" అని అమ్మ ఓసారి అడిగింది.

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆ ఊరికి ఎన్నిసార్లు విమానం నడుపుకుంటూ వెళ్లానో లెక్కలేదు. కానీ నాకు తెలిసిన ఫ్రాంక్‌ఫర్ట్ అంటే రన్‌వే, సిబ్బందిని తీసుకెళ్లే బస్సు, హోటల్ గది, ఆ గదికున్న మందపాటి కర్టెన్లు. అంతే!

"బాగుంటుందమ్మా, చలెక్కువ" అన్నాను.

"చలి సంగతి టీవీలో వాళ్లూ చెబుతారులే" అంది అమ్మ.

పైలట్ ఉద్యోగమంటే దేశాలన్నీ తిరిగి చూడటమే అనుకుంటారు చాలామంది. నిజానికి రెండు ప్రయాణాల మధ్య దొరికే లేఓవర్ విహారం కోసం కాదు. విశ్రాంతి కోసం. నిద్రచాలని పైలట్ విమానంలో కూర్చోకూడదని నిబంధన. అందుకని దిగగానే నిద్రపోవడం, లేచాక ఇంటికి ఫోన్ చేసి పిల్లల హోంవర్కు, పనిమనిషి వచ్చిందా లేదా, అత్తయ్యగారి బీపీ మాత్రలు అయిపోయాయా... ఇవన్నీ కనుక్కోవడం, మళ్లీ నిద్రపోవడం. పదకొండేళ్లుగా ఇదే వరస. ఒంటరిగా ఊరు చూడ్డానికి వెళ్తే ఏదో తప్పు చేస్తున్నట్టు ఉండేది. ఇంట్లో వాళ్లెవరూ ఏమీ అనలేదు. నాకు నేనే వేసుకున్న సంకెల అది!

కిందటి వేసవిలో మొదటిసారి వియన్నా డ్యూటీ పడింది. ఢిల్లీ నుంచి రాత్రంతా నడిపి తెల్లారాక దిగాం. హోటల్లో ఫోన్ తెరిస్తే తమ్ముడి దగ్గర్నుంచి ఓ బొమ్మ వచ్చి ఉంది. తెనాలిలో మా పాత ఇల్లు తీసేసి కొత్తది కట్టిస్తున్నాడు వాడు. "అక్కా, వంటింటి ప్లాను. చూసి చెప్పు" అని రాశాడు. నిద్రకళ్లతో అలా చూసి "బాగుందిరా" అని కొట్టి పడుకున్నాను.

మధ్యాహ్నం లేచేసరికి అమ్మ మాట గుర్తొచ్చింది. మర్నాటిదాకా డ్యూటీ లేదు. ఈసారి కర్టెన్లు తీసి బయటికి నడిచాను.

గేట్లు లేని స్టేషన్లు

విమానాశ్రయం నుంచి ఊళ్లోకి రైలుంది. అరగంటలోపు ప్రయాణం. మొదట ఆశ్చర్యపోయిందేమిటంటే, స్టేషన్లలో టికెట్టు చూపిస్తేగాని తెరుచుకోని గేట్లు లేవు. ఎవరి టికెట్టు వాళ్లు కొనుక్కుని ఎక్కేయడమే. అలాగని ఊరికే ఎక్కారో, ఎప్పుడో ఓసారి తనిఖీవాళ్లు పట్టుకుని గట్టి జరిమానా వేస్తారు!

రైలు దిగి కాస్త నడిస్తే ష్టాట్‌పార్క్ అనే తోట. అందులో బంగారు రంగులో మెరిసిపోతూ, వయొలిన్ వాయిస్తూ యోహాన్ స్ట్రాస్ విగ్రహం. దాని ముందు నిలబడ్డానో లేదో టపటపా వాన! గొడుగు హోటల్లోనే ఉండిపోయింది. రోజూ వాతావరణ నివేదికలు చదివే పైలట్‌ని కదా, నవ్వొచ్చింది. తోట పక్కనే ఎర్ర ఇటుకల పెద్ద భవనం కనబడితే పరుగున అందులోకి దూరాను. అది అప్లయిడ్ ఆర్ట్స్ మ్యూజియం. 1871లో కట్టారట. సరే, వాన వెలిసేదాకా అని టికెట్టు కొన్నాను.

లోపల అద్దాలు, కుర్చీలు, లేసులు చూసుకుంటూ పోతే ఒకచోట ఏకంగా ఓ వంటిల్లు! బొమ్మ కాదు. నిజం వంటిల్లంత వంటిల్లు. పేరు చూద్దును కదా, 'ఫ్రాంక్‌ఫర్ట్ కిచెన్'. అమ్మ అడిగిన ఊరు ఇక్కడ దొరికింది నాకు.

అందేంత దూరంలో అన్నీ

దాన్ని రూపొందించింది మార్గరెటె ష్యూటె-లిహోట్‌స్కీ అనే ఆవిడ. 1897లో వియన్నాలోనే పుట్టింది. ఈ మ్యూజియం పక్కనున్న కళాశాలలోనే వాస్తుకళ చదివింది. ఆస్ట్రియాలో ఆ చదువు చదివిన తొలితరం ఆడవాళ్లలో ఒకరు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మామూలు కుటుంబాల కోసం వేల ఇళ్లు కడుతుంటే, 1926లో ఆవిడ వాటికి వంటిల్లు గీసింది. పొడవు దాదాపు 11 అడుగులు, వెడల్పు ఆరడుగుల పైచిలుకు. అలాంటివి పదివేలదాకా కట్టారు. ఈనాడు మన అపార్ట్‌మెంట్లలో కనిపించే మాడ్యులర్ కిచెన్లకి ఇదే పెద్దమ్మ అనుకోవచ్చు.

ఇంత చిన్నగదిలో ఏముందంటారా? ఆవిడ ఆడవాళ్ల అడుగులు లెక్కపెట్టింది. పొయ్యి నుంచి సింకుకి ఎన్ని, సింకు నుంచి బల్లకి ఎన్ని అని. రైళ్లలో భోజనాల పెట్టెకుండే ఇరుకు వంటగదిని చూసి నేర్చుకుంది. బియ్యం, చక్కెర లాంటి వాటికి పేర్లు రాసిన అల్యూమినియం సొరుగులు. లాగి అలాగే గిన్నెలోకి వంచుకునేలా వాటికి మూతి. పిండికి మాత్రం పురుగు పట్టకుండా ఓకు చెక్క సొరుగు. కిటికీ కింద కూరలు తరిగే బల్ల, కూర్చుని పనిచేసుకోడానికి గుండ్రంగా తిరిగే స్టూలు. కావలసినవైపు జరుపుకునే దీపం. ఈగలు రావని గోడలకీ చెక్కలకీ నీలాకుపచ్చ రంగు!

చూస్తుంటే నాకు కాక్‌పిట్ గుర్తొచ్చింది. అక్కడా అంతే. కూర్చున్నచోటి నుంచి చెయ్యి చాపితే అందాలి. చక్రాలు దించే లీవరు పిడి చక్రంలా ఉంటుంది, రెక్కల ఫ్లాప్స్ లీవరు పిడి ఫ్లాప్‌లా ఉంటుంది. చీకట్లో తడిమినా పొరపాటు పడకుండా. వెంటనే అమ్మ పోపులపెట్టె కూడా గుర్తొచ్చింది. కరెంటు పోయినా అమ్మ చెయ్యి ఆవాల మీదికే వెళ్తుంది, మెంతుల మీదికి వెళ్లదు!

కానీ ఆ వంటింటిని తరవాతి రోజుల్లో తప్పుపట్టినవాళ్లూ ఉన్నారు. అందులో ఒక్కరికే చోటు. రెండోమనిషి సాయానికి రావాలన్నా ఇరుకే. ఇల్లాలిని ఒంటరిదాన్ని చేసి, వంటపని ఆమెదేనని ఖాయం చేసిందన్నారు. విచిత్రమేమిటంటే, దాన్ని గీసేనాటికి ఆవిడ ఇల్లు నడిపి ఎరగదు, వంట చేసి ఎరగదు. ఆ సంగతి తనే ఒప్పుకుంది.

ఆవిడ జీవితం వంటింటితో ఆగిపోలేదు సుమండీ! నాజీలకు వ్యతిరేకంగా పనిచేయడానికి 1940లో ఇస్తాంబుల్ నుంచి వియన్నాకి తిరిగొచ్చి, 1941లో పట్టుబడి, 1945దాకా జైల్లో ఉంది. నూరేళ్లు నిండిన పుట్టినరోజున వియన్నా మేయరుతో వాల్ట్‌జ్ నాట్యం చేసింది. 2000 జనవరిలో, 103 నిండడానికి అయిదురోజుల ముందు కన్నుమూసింది. ఎంతసేపూ అందరూ వంటింటి గురించే అడుగుతుంటే విసుక్కునేదట.

343 మెట్లు, ఒక కాఫీ

వాన వెలిసింది. పది నిమిషాలు నడిస్తే సెయింట్ స్టీఫెన్స్ కెథడ్రల్. 136 మీటర్ల గోపురం, రంగురంగుల పెంకులతో అల్లిక ముగ్గులాంటి పైకప్పు. 1945 ఏప్రిల్లో మంటల్లో కాలిపోతే తిరిగి కట్టుకున్నారు. గోపురంలోకి 343 మెట్లు. రోజూ ముప్ఫై అయిదువేల అడుగుల ఎత్తున తిరిగేదాన్ని, ఆ మెట్లెక్కేసరికి రొప్పుతున్నాను! కానీ సొంత కాళ్లతో ఎక్కి చూసిన ఎత్తు వేరు. కింద మనుషులు మనుషుల్లాగే కనిపించారు.

దిగి ఓ కాఫీ హోటల్లో కూర్చున్నాను. ఇక్కడ కాఫీతోబాటు చిన్న పళ్లెంలో గ్లాసుడు మంచినీళ్లు తప్పకుండా ఇస్తారు. 1873 నుంచి ఆల్ప్స్ కొండల ఊటనీరు గొట్టాల్లో ఈ ఊరి కుళాయిల్లోకి వస్తోంది. ఒక్క కాఫీతో ఎంతసేపు కూర్చున్నా లేవమనరు. అయిదైంది. అంటే మన దగ్గర ఎనిమిదిన్నర. అమ్మకి ఫోన్ చేశాను.

చూసిందంతా చెప్పి, "అమ్మా, మన కొత్త వంటిల్లు ఎలా ఉండాలి నీకు?" అన్నాను.

కాసేపు అటునుంచి మాటలేదు. "నన్నెవరడిగారే?" అంది.

గుండెలో కలుక్కుమంది. తమ్ముడు నాకు పంపాడు, మేస్త్రీకి చూపించాడు. నేను నిద్రలో బాగుందన్నాను. నలభై అయిదేళ్లుగా వండి పెడుతున్న మనిషిని మాత్రం ఇద్దరం అడగలేదు!

"ఇప్పుడడుగుతున్నాగా, చెప్పు."

"గట్టు కాస్త కిందికి పెట్టించమను. ఇప్పుడున్నది నా పొట్టితనానికి భుజాలు లాగేస్తోంది. గేటు కనబడేలా కిటికీ ఉండాలి. మోకాళ్లు నొప్పి, కూర్చుని తరుక్కునే చోటుండాలి." ఆగి, "అవునూ, ఆవిడ కట్టిన దాంట్లో పక్కన ఇంకోళ్లు కూర్చోడానికి చోటుందా?" అని అడిగింది.

"లేదమ్మా."

"మనదాంట్లో ఉండాలి. నువ్వొస్తే ఎక్కడ కూర్చుని కబుర్లు చెబుతావు మరి?"

పెద్ద పెద్దవాళ్లు రాసిన విమర్శని అమ్మ ఒక్క ప్రశ్నలో అడిగేసింది!

ఆ సాయంత్రం రెండో నంబరు ట్రామెక్కి రింగ్‌స్ట్రాస్ వెంట కిటికీ పక్కన కూర్చుని ఆపెరా, పార్లమెంటు చూస్తూ పోయాను. చీకటిపడకుండానే హోటలుకి చేరి కడుపునిండా నిద్రపోయాను. మర్నాడు విమానం ఎప్పటికంటే హాయిగా నడిపాననిపించింది.

పనిమీద ఏ ఊరెళ్లినా పని చూసుకుని తిరిగొచ్చేయడం మనకి అలవాటు. ఓ రెండు గంటలు మీకోసం ఉంచుకోండి. ఏమీ కొనక్కర్లేదు, ఊరికే నడవండి. మనకేం కావాలో అడగడం, మన అమ్మల్ని అడగడం అక్కడే గుర్తొస్తుందేమో!

అన్నట్టు, తెనాలిలో వంటగట్టు నాలుగంగుళాలు తగ్గించారు. కిటికీ కింద బల్ల వేశారు. దానికి రెండు స్టూళ్లు.