పొగమంచు దీపమునకు వేరు మీట

2008వ సంవత్సరమున తెరువబడిన శంషాబాదు విమానాశ్రయమునకు శీతకాలపు వేకువలయందు పోవువారికి పొగమంచు ఎదురగుట కలదు. అప్పుడు కారు ముందుదీపముల వెలుగు మంచుబిందువులపై బడి మరలి, నడుపువాని కన్నులనే కప్పును. క్రిందుగా నమర్చిన ఫాగ్ లైటు అడ్డముగ వ్యాపించి బాటను జూపును. కాని కొన్ని కార్లలో ముందుదీపము వెలిగినగాని యిది వెలుగదు.

దీనిని వేరుచేయుటకు రిలే కావలెను. స్వల్పప్రవాహముచే అధికప్రవాహమును కలుపునదియే రిలే. 55 వాట్ల దీపములు రెండు 12 వోల్టులపై సుమారు 9 ఆంపియర్లు గ్రహించును. చిన్న మీట దీనిని తాళజాలదు, సన్నని తీగ వేడెక్కి అంటుకొనవచ్చును. కావున బ్యాటరీనుండి 15 ఆంపియర్ల ఫ్యూజు ద్వారా లావుతీగను రిలే 30వ కొనకును, 87వ కొననుండి దీపములకును గొనిపోవలెను. 85వ కొనను కారు లోహమునకును, 86వ కొనను మీటకును గలుపవలెను.

మీటకు ప్రవాహమును పార్కింగు దీపముల తీగనుండియే గ్రహింపవలెను. ఏలయన, అప్పుడు వెనుక యెఱ్ఱదీపములును వెలుగును. అవి లేనిచో మనకు బాట కనబడును గాని, వెనుక వచ్చు లారీవానికి మనము కనబడము.

విద్యార్థులారా, ఈ పని నేర్పరియగు మెకానిక్కు చేతనే చేయింపుడు. మొదట బ్యాటరీ ఋణతీగను విప్పవలెను. మంచు విడినంతనే దీపము నార్పుడు. ఎదుటివాని కన్నులును మన కన్నులవంటివే.